పాట పెట్టిన మాట నిలవాలి

పాత నాణేలు, కరెన్సీ నోట్లు, తపాలా బిళ్లల వ్యాపారంలో పెద్ద భాగం ఆన్‌లైన్ వేలాలకు చేరింది. మిర్చి, పసుపు యార్డుల్లో తరతరాలుగా పాటలు చూసిన వ్యాపారస్తులకు ఈ బజారు మరీ వింతగా తోచనక్కరలేదు. సరుకు చేతికి అందదు, పోటీదారు ఎవరో తెలియదు. సూత్రం మాత్రం పాతదే: పాట పెట్టడమంటే మాట ఇవ్వడమే. ఇది ఉత్త మర్యాద కాదు. ఈ సరుకుకు ధారణ ఏర్పడేదే దానివల్ల.

పత్తికి, మిర్చికి యార్డు ధారణ ఉన్నది. పాత నాణేనికి అటువంటిది లేదు. అదే రకం నాణెం, అదే స్థితిలో, కిందటిసారి ఎంతకు ఖాయమైందన్నదే దాని ధారణ. అమ్మకందారు ప్రకటించే లక్ష రూపాయలు ధర కాదు, కోరిక మాత్రమే. ఈబేలో అమ్ముడైన సరుకు ధరలను విడిగా చూసే వీలున్నది. వాటిని చూడకుండా ప్రకటన ధరను నమ్మి నిల్వ చేసిన వ్యాపారి పెట్టుబడి ఏళ్ల తరబడి చిక్కుకుపోతుంది. తన పేరు చెప్పి పాత నోట్లు, నాణేల లావాదేవీలపై కమిషన్, పన్ను వసూలు చేసేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించవలసి వచ్చింది.

ఖాయమైన ధరలైనా నిజమైనప్పుడే పనికివస్తాయి. 2000లో ఈబేలో ఒక వర్ణచిత్రం అమెరికన్ చిత్రకారుడు రిచర్డ్ డీబెన్‌కార్న్‌ది కావచ్చునన్న ఆశ పుట్టించారు. పాట 1,35,805 డాలర్ల దాకా పోయింది. అమ్మకందారు తన సరుకుపై తానే పాట పెట్టినట్లు తేలడంతో అమ్మకం రద్దయింది. తర్వాత క్రిమినల్ కేసులూ నడిచాయి. సొంత మనుషులతో పాట పెంచేవాడు ఒక్క కొనుగోలుదారునే కాదు, ఆ తర్వాత అటువంటి సరుకు కొనే ప్రతివారినీ మోసగిస్తున్నాడు. పాట దక్కించుకుని డబ్బు కట్టనివాడు చేసే నష్టమూ అటువంటిదే. అతడు వదిలిపోయిన అంకెను చూసి మరొకరు ధర కడతారు.

చివరి సెకన్లలో పాట పెట్టి సరుకు తన్నుకుపోవడం అన్యాయమని కొందరి ఫిర్యాదు. ఇందులో పస తక్కువ. ఈబేలో పాటదారు తన గరిష్ఠ ధరను ముందే రహస్యంగా నమోదు చేయవచ్చు. ఒకరు 500 డాలర్లు, మరొకరు 300 డాలర్లు ఇచ్చి ఉంటే, 300కు ఒక మెట్టు పైన సరుకు మొదటివారికి దక్కుతుంది. తపాలా బిళ్లల వ్యాపారులు పోస్టు ద్వారా నడిపిన వేలాల్లో 19వ శతాబ్దంలోనే ఇటువంటి పద్ధతి ఉండేది. తన అసలు ధర ముందే ఇచ్చినవారిని ఎవరైనా చివరలో దాటిపోతే, ఆ పై ధరకు ఆ సరుకు వారికి అక్కరలేనిదే. ఆవేశంతో మెట్టు మెట్టుగా ఎక్కేవారికే దెబ్బ.

వేలం లేక నేరుగా బేరమాడే చోట కొనుగోలుదారు “ఆఖరి ధర ఎంత?” అని ఊరుకోరాదు. ఇటీవలి అమ్మకాన్ని చూపి తన అంకె చెప్పాలి. గీతలు, చిరుగులు, నాణేన్ని రుద్ది కడిగిన గుర్తులు అమ్మకందారు ముందే తెలపాలి. కొనేవారి ప్రశ్నలూ పాటకు ముందే రావాలి. పాట ఖాయమయ్యాక తరుగు అడగడం యార్డులోనూ తప్పే, ఇక్కడా తప్పే. వేలం సంస్థ కమిషన్, పన్ను, పోస్టు ఖర్చు కలుపుకునే గరిష్ఠ ధర వేసుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణేలు పురావస్తువులు, వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపరాదు. కనుక అటువంటి సరుకుపై విదేశీ పాటలను అమ్మకందారు మొదటే నిరాకరించాలి.

యార్డులో మాట తప్పినవాడు మరునాడు అదే దళారీకి ముఖం చూపించాలి. ఆన్‌లైన్‌లో పేరు మార్చుకుని రావచ్చు. అందువల్ల డబ్బు చేరని పాటలను వేలం సంస్థలు అమ్మకాల జాబితానుంచి తొలగించాలి. వ్యాపారస్తులూ డబ్బు చేరిన ధరనే ధారణగా లెక్కించాలి. తక్కినవి కేకలే.