గౌనుకు గంజి పెట్టిందెవరు?

పోయిన సంక్రాంతికి బయ్యారం వెళ్తే మా బాబాయి కూతురి ప్రీ వెడ్డింగ్ షూట్ జరుగుతోంది. ఎక్కడనుకున్నారు? మా పెద్దచెరువు కట్ట మీద! కాకతీయ గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించిన చెరువు అది. ఆ కట్ట మీద మా పిల్ల విక్టోరియా రాణి కాలంనాటి గౌను వేసుకుని, లేసు చేతొడుగులతో, బొమ్మ గొడుగు పట్టుకుని నడుస్తోంది. కాబోయే మా బావగారికి నల్ల కోటు, పొడుగు టోపీ. బర్రెలు కూడా ఆగి చూశాయంటే నమ్మండి.

నవ్వాను గానీ, నిజానికి ఆ పిచ్చి నాకూ ఉంది. ఆన్‌సైట్ మీద లండన్‌లో ఉన్న ఆర్నెల్లూ శనివారం వస్తే విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనే తేలేవాణ్ణి. ఫలక్‌నుమాలో 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల, పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువాల వరస (వేసిన బట్ట మళ్ళీ వేసేవాడు కాదని చెప్పుకుంటారు)... ఇవన్నీ నాకు భలే ఇష్టం. ఎందుకుండదు చెప్పండి? మనదేం బతుకు? మెడలో ట్యాగు, కాగితం కప్పులో కాఫీ, వీడియో కాల్‌కి పైన చొక్కా, కింద నిక్కరు. రాత్రి భోజనానికి బట్టలు మార్చుకుని కూర్చునేవాళ్ళని చూస్తే కడుపు మండదూ?

షూట్ అయ్యాక గౌను మంచం మీద పడేశారు. మా నాయనమ్మ అంచు పట్టుకుని, వేళ్ళతో నలిపి చూసి ఒకటే అడిగింది: "ఇంత గుడ్డ ఎవలు ఉతుకుతరు బిడ్డా?"

మాది చాకలి ఇల్లు. మా ముత్తాత దొర ఇంటి బట్టలు వెట్టికి ఉతికినవాడే. కూలి లేదు, కాదనడానికి లేదు. ఊరికి అధికారులొచ్చి దిగితే వాళ్ళ బట్టలు కూడా. మా ఇంట్లో ఈ సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడరు, నేను కూడా ఆఫీసులో ఎప్పుడూ చెప్పుకోలేదు.

ఆ ప్రశ్న మాత్రం బుర్రలో పురుగులా దూరింది. 1856లో ఉక్కు వలయాల చట్రం వచ్చాక గౌన్లు గుమ్మం పట్టనంత వెడల్పయ్యాయి. వాటి కిందవేసే తెల్లబట్టలూ, మగవాళ్ళ కాలర్లూ గంజి పెడితేనే నిలబడేవి. సోమవారం వస్తే పనిపిల్లలు కాగుల్లో బట్టలు ఉడకేసి, ఉతికి, ఇస్త్రీ పెట్టెలు పొయ్యి మీద కాల్చుకునేవాళ్ళు. మన చాకిరేవులో బాన లాంటిదే, ఏమీ తేడా లేదు. ఆ కాలం ఇంగ్లండులో పనికెళ్ళే ఆడవాళ్ళలో అందరికన్నా ఎక్కువమంది ఇళ్ళల్లో పనిమనుషులేనట! మనం మాత్రం కళ్ళు మూసుకుని ఊహించుకుంటే ప్రతిసారీ కుర్చీలోనే కూర్చుంటాం. కాగు దగ్గర ఒక్కసారి కూడా నిలబడం. ఎందుకో మరి.

గౌన్ల చేతులు బూరెల్లా బాగా ఉబ్బిన ఏడు 1895. చాకలి ఐలమ్మ పుట్టింది కూడా 1895లోనే, మా పక్క ఓరుగల్లు సీమలోనే. పాలకుర్తిలో తన పొలం పంట విసునూరు దేశ్‌ముఖ్ మనుషులకు వదలనని ఆంధ్ర మహాసభ వాళ్ళ అండతో నిలబడింది చూడండి, ఆవిడే.

హైదరాబాదు కోఠీలో పెద్ద స్తంభాలు, ముందు రెండు సింహాలు ఉన్న రెసిడెన్సీ చూశారా? కిర్క్‌పాట్రిక్ కట్టించాడు, 1803లో మొదలెట్టి. విక్టోరియా కాలమంతా బ్రిటిష్ రెసిడెంట్ల కాపురం అక్కడే. తర్వాత ఆడపిల్లల కాలేజీ అయింది, అదిప్పుడు విశ్వవిద్యాలయం. 2024లో దానికి ఐలమ్మ పేరు పెట్టారు. మొన్న వెళ్ళి ఆ బోర్డు కింద నిలబడి ఫోటో తీసుకున్నాను. నాయనమ్మకి చూపిస్తే, "ఇల్లు మంచిగనే ఉన్నది" అంది.

"అయితే అందమైనవేవీ చూడొద్దా, వేసుకోవద్దా?" అని మా చెల్లి దెబ్బలాడింది. వేసుకోమనే అంటాను. నేనూ ఫలక్‌నుమా మళ్ళీ చూస్తాను. "అబ్బ, ఆ రోజులే వేరు" అని మాత్రం ఇక నా నోటంట రాదు, అంతే.

రిసెప్షన్‌కి కూడా గౌనే అంటోంది. నాయనమ్మ సరేనంది కానీ కాటన్‌ది మాత్రం వద్దందట. గంజి పెట్టలేక చస్తారట.