బిగుసుకున్న ఫ్యాను క్లచ్చి

పోయిన నెల యీ శీర్షికలో గది అద్దె రసీదులు భద్రపరచుకొనే సంగతి వ్రాశాము. యీ నెల బండి సంగతి. గుమాస్తాలకు బండి గొడవ యెందుకని కొందరు నవ్వవచ్చు. కాని మన ధారావి చాళ్లలో పికప్ బండి మీద బ్రతికే కుటుంబాలు తక్కువేమీ కావు. తెల్లవారకముందే నైంటీ ఫీట్ రోడ్డు మీదికి వస్తే చాలు, 13వ కాంపౌండు ప్లాస్టిక్ సంచులు యెత్తుకొని వరుసగా నిలబడిన బండ్లు కనిపిస్తాయి. వాటిలో చాలా వాటికి నెల నెలా కిస్తీ కట్టవలసి వుంటుంది. బండి వొక్క పూట ఆగితే ఆ యింట్లో పాలవాడి లెక్క దగ్గరనుంచీ తారుమారు.

ఇంజను ముందు తిరిగే ఫ్యానుకూ, దాన్ని తిప్పే వాటరు పంపు కడ్డీకీ నడుమ గుండ్రని డబ్బా వంటిది వొకటి వుంటుంది. అదే ఫ్యాను క్లచ్చి. దాని లోపల వుండేది సిలికాను నూనె, ఆముదం కంటె చిక్కన. డబ్బా ముఖం మీద రెండు లోహాలు అతికిన చిన్న చుట్ట వుంటుంది. రేడియేటరు గుండా వచ్చే గాలి వేడెక్కితే ఆ చుట్ట కదిలి లోపలి తలుపు తెరుస్తుంది. నూనె గాళ్లలోకి చేరి ఫ్యానును గట్టిగా పట్టుకొని తిప్పుతుంది. గాలి చల్లబడితే పట్టు వదులుతుంది. మనిషి చేయి పెట్టనక్కరలేని యేర్పాటు, ముచ్చటైనదే.

నూనె కారిపోయిందా, ఫ్యాను వూరికే నీరసంగా తిరుగుతుంది. తమాషా యేమంటే, ఖాళీ రోడ్డు మీద వేగంగా పోతున్నంతసేపూ యేమీ తెలియదు. యెదురుగాలే రేడియేటరును చల్లబరుస్తుంది. సయన్ దగ్గర వాహనాల మధ్య యిరుక్కున్నప్పుడో, నాసిక్ దారిలో కసారా ఘాటు బరువుతో యెక్కుతున్నప్పుడో ఆవిరి లేస్తుంది. అప్పుడు డ్రైవరు రేడియేటరును తిడతాడు, నీళ్ళు పోస్తాడు. వేడిమీద మూత తీసి మొహం కాల్చుకున్నవాళ్ళూ వున్నారు. అలాగే నడిపితే ఇంజను పైతల వంకర పోతుంది. ఆ ఖర్చు ముందు క్లచ్చి ఖర్చు యెంత?

మా చాళ్‌లో వొక తమ్ముడికి సరిగ్గా యిదే వచ్చింది. ప్లాస్టిక్ గుళికలు భివండీ చేరవేసే పని అతనిది. కొత్త క్లచ్చి కొన్నాడు, పాతది రాలేదు. నాలుగు చిన్న బోల్టులతో బిగించే రకాలు కూడ వున్నాయి, వాటితో యింత రభస లేదు. యితని బండిలోది నడుమ వొకటే పెద్ద నట్టు, పంపు కడ్డీ మరల మీద యెక్కేది. సముద్రపు గాలి, వానాకాలపు నీళ్ళు తగిలిన మర. 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో వొక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడి మీఠీ నది పొంగినప్పుడు మునిగిన బండ్లను చూచినవారికి తుప్పు యేమి చేయగలదో వేరే చెప్పనక్కరలేదు.

గరాజు కుర్రవాడు రెండు గంటలు పెనుగులాడి, గ్యాసు మంట పెట్టి నట్టును కోసివేస్తానన్నాడు. తమ్ముడు తల పట్టుకున్నాడు. మంట తగిలితే పంపు సీలు పోతుంది, బేరింగు పోతుంది, ప్లాస్టిక్ రెక్కలు కరుగుతాయి. సీలు చేసిన నూనె డబ్బా పక్కన మంట పెట్టడం ప్రాణానికే ముప్పు. ఆ కుర్రవాడికి పదిహేడేళ్ళు నిండలేదు. మా గాభరా బండి కంటె అతని చేతుల గురించే.

గరాజులో నూనె మరకల నడుమ ఆ బండి వర్కుషాపు పుస్తకం వున్నది, ఇంగ్లీషులో. మేము చేయగలిగిన పని అదొక్కటే కనుక చదివి, తమ్ముడికి తెలుగులోనూ కుర్రవాడికి హిందీలోనూ చెప్పాము. నట్టు మామూలు మర కాదు, యెడమ మర. రెండు గంటలూ వాళ్ళు దాన్ని యింకా బిగిస్తూ వున్నారు!

యిందులో సూత్రం తేలికైనది. పంపు కడ్డీ నట్టును ముందుకు తిప్పుతుంటే ఫ్యాను గాలికి అడ్డుపడి వెనక్కు లాగుతుంది. ఆ లాగుడుకు నట్టు వూడిపోకుండా, బిగిసేటట్టు మర కోస్తారు. అందువల్ల ఫ్యాను యే వైపు తిరుగుతుందో, సాధారణంగా ఆ వైపుకే నట్టును తిప్పి విప్పాలి. పుస్తకం దొరకనివారు ఇంజను వొకసారి నడిపించి, దూరంగా నిలబడి ఫ్యాను యెటు తిరుగుతున్నదో చూచుకోవచ్చు. తరువాత ఇంజను ఆపి, పూర్తిగా చల్లబడనిచ్చి, బ్యాటరీ తీగ విప్పి చేయి పెట్టాలి.

వైపు తెలిసినా నట్టు కదలలేదు. పానా లాగితే పుల్లీ కూడ తిరిగిపోతున్నది. అప్పుడు మా చాళ్ తాతగారు వచ్చారు. పాలమూరు నుంచి వచ్చి నలభై యేళ్ళు రాళ్ళు కొట్టిన చేయి అది. కామాఠీపురానికి పేరు పెట్టించిన పనివాళ్ళ కోవకు చెందిన మనిషి. యినుప పట్టీకి రెండు రంధ్రాలు వేయించి, పుల్లీ బోల్టుల మీద బిగించి, కుర్రవాడిని పట్టుకోమన్నారు. రేడియేటరుకు అడ్డంగా మందపాటి అట్ట పెట్టించారు. నట్టు వదిలిన క్షణంలో ఫ్యాను ముందుకు పడితే అల్యూమినియం రేకులు చీలిపోతాయి. తుప్పు విప్పే నూనె పోసి గంట సేపు వూరికే వుండమన్నారు. కుర్రవాడు పానాకు పొడుగాటి గొట్టం తగిలించబోతే వారించారు.

“బలం గాదు బిడ్డా. దెబ్బ పదునుగ పడాలె. గుంజితె పుల్లీ గూడ వస్తది, కొడితె నట్టొక్కటే ఉలికిపడ్తది.”

పానా కొనమీద సుత్తితో మూడు దెబ్బలు. మూడవ దానికి కదిలింది. తరువాత చేత్తోనే వచ్చింది.

వీధిలో మరొక సలహా కూడ వినిపిస్తుంది: క్లచ్చిని వెల్డింగు చేయించి ఫ్యాను యెప్పుడూ తిరిగేటట్టు చేసుకోమని. మాకు అది నచ్చదు. ఇంజను వేగం పెరిగినకొద్దీ ఆ ఫ్యాను డీజిలు తింటుంది, గోల చేస్తుంది, పంపు బేరింగును అరగదీస్తుంది. కొత్తది కొనే డబ్బు చేతిలో లేక చేయించేవారిని మేము తప్పుపట్టము గాని, లెక్క వేసుకొంటే గిట్టదు.

బిగించేటప్పుడు తాతగారు సుత్తి ముట్టనివ్వలేదు. మర శుభ్రం చేసి, పలుచగా గ్రీజు రాసి, మొదటి చుట్లు వేళ్ళతోనే తిప్పించి, ఆ పైన పుస్తకంలో వ్రాసినంత మేరకే పానా వాడించారు. ఫ్యాను తీసి వున్నప్పుడే పంపు కడ్డీని అటూ యిటూ కదిపి బేరింగు వదులుందేమో చూచారు, లేదు. కొత్త క్లచ్చిని పెట్టెలోనుంచి తీసి బల్లమీద పడుకోబెట్టబోతే తమ్ముడి చేతిలోనుంచి అందుకొని గోడకు నిలబెట్టారు. పడుకోబెడితే నూనె కారవచ్చునని పెట్టె మీద కూడ వ్రాసి వున్నది. బండి ఆ రాత్రి పదకొండింటికి భివండీ బయలుదేరింది. రెండు పంపుల ధర అయ్యే పని, వొక సీసా నూనెతోనూ, కుర్రవాడి కూలితోనూ సరిపోయింది. తాతగారు టీ తప్ప యేమీ పుచ్చుకోలేదు.