ఊరు చెప్పిన మాట ఊరికి చేరాలి

2017 మే, జూన్ నెలల్లో రంపచోడవరం మన్యంలోని వై.రామవరం మండలం చాపరాయిలో 16 మంది కొండరెడ్డి గిరిజనులు వరసగా చనిపోయారు. కలుషితమైన నీళ్లు, జ్వరాలు, పోషకాహార లోపం అంటూ కారణాలు తర్వాత బయటికొచ్చాయి. అంతకన్నా కలవరపెట్టే సంగతి, చావు మీద చావు జరుగుతున్నా ఆ కబురు కొండ దిగిరావడానికి వారాలు పట్టడం. దారి లేదు, ఫోను పలకదు అన్నది నిజమే. కానీ ఈ మన్యం గురించి మన దగ్గర కాగితాలకు కొదవ లేదు. ఐటీడీఏ లెక్కలున్నాయి, అంగన్‌వాడీ రిజిస్టర్లున్నాయి, విశ్వవిద్యాలయాల బీరువాల్లో థీసిస్‌లున్నాయి. ఇన్ని ఉండీ ఒక ఊరి ఆపద సకాలంలో తెలియలేదంటే, లోపం సమాచారం ఎంత ఉందన్న దాంట్లో లేదు, అది ఎటు నడుస్తోందన్న దాంట్లో ఉంది. మనం అడిగిన లెక్కలు కొండ మీంచి కిందికి వస్తున్నాయి, తిరిగి కొండెక్కడం లేదు. ఊరు తనంతట తాను చెప్పాలనుకున్న మాటేమో దిగిరావడం లేదు. విశ్వవిద్యాలయాల సోషల్ వర్క్ శాఖలు పూడ్చగలిగిన లోటు సరిగ్గా ఇదే. కాకపోతే అవి తమ పరిశోధన పద్ధతిని ఒకచోట మార్చుకోవాలి. ఊరి నుంచి తీసుకున్నది ఊరి ముందు పెట్టనిదే ఏ పరిశోధనా పూర్తయినట్టు కాదని ఒప్పుకోవాలి.

సోషల్ వర్క్ మన దేశంలో ఒక చదువుగా నిలదొక్కుకున్నది 1936లో బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా పేరిట మొదలైన సంస్థతో. నేటి టాటా సామాజిక శాస్త్రాల సంస్థ అదే. ఎంఎస్‌డబ్ల్యూ విద్యార్థి తరగతిలో ఎంత నేర్చినా, వారంలో కొన్ని రోజులు జనం మధ్య గడపడమే ఆ చదువుకు ప్రాణం. ఇక్కడ ఏముంది అని తెలుసుకోవడంతో దాని పని తీరదు. ఏం మారాలి, ఎవరితో కలిసి మార్చాలి అని కూడా అడగాలి. ఈ రెండో ప్రశ్న వదిలేస్తే ఏమవుతుందో ఒక్క ప్రశ్నావళి చాలు చెప్పడానికి. 'మీ కుటుంబానికి నెలకు ఎంత వస్తుంది?' అని కొండరెడ్డి ఇల్లాలిని అడుగుతాం. ఆ ఇల్లు నెలల లెక్కన బతకదు. కొన్నాళ్లు కొండచీపుళ్లు, ఎండాకాలంలో చింతపండు, జీడిపిక్కలు, వానలు పడితే పోడు పని, ఏమీ లేనప్పుడు జీలుగు కల్లే కడుపు నింపుతుంది. వచ్చిన మనిషిని ఖాళీగా పంపడం బాగుండదని ఆమె ఏదో ఒక అంకె చెబుతుంది. ఆ అంకెలే పట్టికలవుతాయి, పట్టికలే థీసిస్ అవుతాయి. అదే పట్టికను ఊరి నడుమ చింతచెట్టు కింద చదివి వినిపిస్తే తప్పు అక్కడికక్కడే తేలిపోతుంది. సంతలో తూకంలో పోయిందెంత, షావుకారు పాత బాకీ కింద కోసుకున్నదెంత అని వాళ్లే సరిదిద్దుతారు. అందుకే ఊరికి తిరిగి వెళ్లడాన్ని మర్యాదగానో కృతజ్ఞతగానో చూడకూడదు. నిజం తేల్చుకునే పద్ధతి అది.

పరిశోధన జనానికి ఉపకరించిన దాఖలాలు మన నేల మీదే ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హైదరాబాద్ సంస్థానంలో ఉండిపోయిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ పాపికొండల రెడ్ల మీద 1945లో పుస్తకం ప్రచురించారు. వెదురు, కలప వ్యాపారుల అప్పుల్లో చిక్కి వాళ్లు వెట్టివాళ్ల స్థితికి దిగజారిన తీరును అందులో రాశారు. ఆదిలాబాద్ గోండుల మధ్య ఆయన చేసిన పని పుస్తకాల దగ్గర ఆగలేదు. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది, వేల కుటుంబాలకు భూమి పట్టాలొచ్చాయి. 1970లలో మళ్లీ అవే ఊళ్లకు వెళ్లి, ఆ భూముల్లో ఎన్నో చేతులు మారిపోయాయని చూసి, 1982లో ఆ సంగతీ రాశారు. ఆయన పని నిజాం ప్రభుత్వ సలహాదారు హోదాలో, పైనుంచి కిందికి సాగిందన్న విమర్శ సమంజసమే. అయినా రెండు పాఠాలు మిగిలాయి. చూసినదాన్ని చేతల దాకా తీసుకెళ్లాలి, ఏళ్ల తర్వాతైనా తిరిగి వెళ్లి ఏం మిగిలిందో చూడాలి.

ఇలాంటి జోక్యంతో పరిశోధకుడి నిష్పాక్షికత చెడుతుందని, అది ఉద్యమమో సేవో అవుతుంది తప్ప శాస్త్రం కాదని కొందరు విద్యావేత్తల అభ్యంతరం. మహారాష్ట్రలోని గడ్చిరోలి అనుభవం దీనికి జవాబు. డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ అక్కడ మొదట సికిల్ సెల్ రక్తదోషం మీద సర్వే చేశారు. జనం దాన్ని పట్టించుకోలేదు, ఎందుకంటే వాళ్లను వేధిస్తున్న సమస్య అది కాదు. దాంతో ఊళ్లు చెప్పిన సమస్యలకేసి పరిశోధన మళ్లింది. 39 ఊళ్లలో అక్కడి ఆడవాళ్లకే తర్ఫీదిచ్చి పసికందుల సంరక్షణ ఇంటి దగ్గరే అందేలా చేశారు. పోల్చిచూడటానికి వేరే ఊళ్లను పక్కన పెట్టుకున్నారు. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో 'లాన్సెట్' ప్రచురించింది. ఆ నమూనానే తర్వాత ఆశా కార్యకర్తల ద్వారా దేశమంతటికీ చేరింది. జనం మాట వినడం వల్ల శాస్త్రం పలచబడలేదు, సరైన ప్రశ్న దొరికి బలపడింది.

మాట వినకపోతే ఏమవుతుందో చూడాలంటే పక్కనున్న భద్రాచలం చాలు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా వేసే అధ్యయనం జరిగింది. హాస్టళ్లలో చదువుకునే గిరిజన పిల్లల తరఫున ఎన్నో సమ్మతి పత్రాలపై తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేశారు. కొందరు బాలికల మరణాలపై ఆందోళన రేగి 2010లో కార్యక్రమం ఆగిపోయింది. మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణ సంఘం తేల్చింది, కానీ సమ్మతి తీసుకున్న తీరును మాత్రం 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే కావచ్చు. అడగకుండా చేసిన మంచి కూడా నమ్మకాన్ని చంపుతుంది, ఆ నమ్మకం లేకపోతే తర్వాత ఆ ఊరెళ్లిన ఏ నర్సు మాటా చెల్లదు.

ప్రభుత్వమే ఇన్ని సర్వేలు చేస్తుండగా విద్యార్థులు కొత్తగా చేసేదేముంది అన్నది మరో అభ్యంతరం. ప్రభుత్వ సర్వే ఎంతమంది అని లెక్కిస్తుంది, ఎందుకు అని అడిగే తీరిక దానికి ఉండదు. డోలీలో మోసుకొచ్చే కష్టం తప్పించాలని 2018లో సాలూరులో కొండ ఊళ్ల గర్భిణులకు వసతి గృహం తెరిచారు. మంచి ఆలోచన. అయితే కాన్పుకు వారాల ముందే ఇల్లు వదిలి రమ్మంటే గర్భిణి ఇంటి దగ్గరున్న పిల్లలను ఎవరు చూసుకుంటారు, పోడు కోత ఎవరు కోస్తారు, వెళ్లమనే మాట ఇంట్లో ఎవరిది? ఏ రిజిస్టరులోనూ ఈ గడులు ఉండవు. పొయ్యి దగ్గర కూర్చుని, పదిసార్లు వెళ్లొచ్చిన మనిషికే ఈ జవాబులు దొరుకుతాయి. రెండేళ్ల కోర్సులో విద్యార్థికి అంత వ్యవధి ఎక్కడిదంటారా, విద్యార్థికి లేకపోయినా శాఖకు ఉంది. ఒక మండలాన్ని పదేళ్లపాటు దత్తత తీసుకుని, ఒక బ్యాచ్ తన నోటు పుస్తకాలను తర్వాతి బ్యాచ్‌కు అప్పగిస్తే సరిపోతుంది. ఇక గిరిజన ప్రాంతాల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం ఉన్నా పట్టా ఒకరిదీ సాగు ఒకరిదీ అయిన చోట నిజం చెప్పినవాళ్లకే ముప్పు రావచ్చన్న భయం ఉంది, అది నిజమైన భయం. అందుకే ఏది నలుగురిలో చదవాలో, ఎవరి పేరు దాచాలో ఊరితోనే మాట్లాడి తేల్చుకోవాలి.

ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. పీసా చట్టం 1996లో వచ్చింది, మన రాష్ట్ర నియమాలు 2011లో వచ్చాయి. వాటి ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు గుర్తింపు ఉంది. దక్షిణాఫ్రికాలో సాన్ తెగవాళ్లు 2017లో పరిశోధకులు పాటించాల్సిన నియమావళిని తామే రాసుకున్నారు. మన్యం గ్రామసభలూ అలా రాసుకోగలవు. విశ్వవిద్యాలయాలు ఆ రోజు కోసం ఆగనవసరం లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం, రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం, విజయనగరంలోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఈ మన్యం మీద జరిగే ప్రతి పరిశోధనకూ ఒక నియమం పెట్టాలి. మొదలుపెట్టే ముందు గ్రామసభ సమ్మతి, ముగించే ముందు అదే సభలో తెలుగులోనో కోయలోనో నివేదిక వినిపించడం, సభ చెప్పిన సవరణలను థీసిస్‌లో చేర్చడం, రెండు పేజీల ప్రతిని ఊరి బడిలో ఉంచడం. కోట్ల ఖర్చు లేదు, ఒక బస్సు ప్రయాణం, ఒక పూట నడక. పట్టా చేతికిచ్చే ముందు విద్యార్థిని ఒక్క ప్రశ్న అడగండి: ఊళ్లో చదివి వినిపించావా? లేదంటే ఆ పరిశోధన ఇంకా పూర్తికాలేదు.