తలకు తగిలిన దెబ్బ

సంక్రాంతి కబడ్డీ పోటీల్లోనైనా, పాఠశాల క్రీడల్లోనైనా ఈ దృశ్యం మనకు కొత్త కాదు. కూతకు వెళ్ళిన కుర్రవాడిని నలుగురు పట్టి పడవేస్తారు. తల నేలకు కొట్టుకుంటుంది. వాడు దిక్కుతోచనట్లు చూస్తాడు. ఎవరో ముఖాన నీళ్ళు చల్లి, సోడా తాగించి, "ఏం కాలేదు, లేరా" అంటారు. లేచి మళ్ళీ బరిలో నిలబడితే ఈలలు, చప్పట్లు. రక్తం కారితేనే దెబ్బ అన్నది మన లెక్క.

ఈ లెక్క తప్పు. తల అదిరినప్పుడు లోపల మెదడు కుదుపుకు గురవుతుంది. ఇందుకు స్పృహ తప్పనవసరం లేదు. స్కానింగులో సైతం ఏమీ కనిపించకపోవచ్చు. తలనొప్పి, తల తిరగడం, వెలుతురు చూడలేకపోవడం, అడిగిందే మళ్ళీ అడగడం దీని గుర్తులు. ఇది తగ్గకముందే మరో దెబ్బ తగిలితే మెదడు వాచి ప్రాణం మీదికి రావచ్చు. అరుదే కావచ్చు గాని, అలా బలైనవారిలో అత్యధికులు ఎదిగే వయసువారే.

2006లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 13 ఏళ్ళ బాలుడొకడు తలకు దెబ్బ తగిలినా అదే ఆటలో తిరిగి దిగి, ఆట ముగిశాక కుప్పకూలాడు. శస్త్రచికిత్సతో ప్రాణం దక్కింది. నోట మాట రావడానికే నెలలు పట్టింది. ఆ ఉదంతం ఫలితంగా 2009లో అక్కడ చట్టం వచ్చింది. అనుమానం కలిగితే పిల్లవాడిని వెంటనే ఆటనుంచి తప్పించాలి. అర్హతగల ఆరోగ్య నిపుణుని వ్రాతపూర్వక అనుమతి లేనిదే తిరిగి దింపరాదు.

మనకు తెలిసిన క్రికెట్టులోనూ 2019 నుంచి ఇటువంటి నిబంధన ఉంది. 2020 డిసెంబరులో కాన్‌బెరాలో బంతి హెల్మెట్‌కు తగిలిన జడేజాకు బదులు చాహల్ దిగింది ఆ నిబంధన కిందనే. మరి మండల పోటీలలో ఆడే తొమ్మిదో తరగతి పిల్లవాడికి ఆ రక్షణ ఎవరు కల్పిస్తారు?

అసలు బాధ ఇంటికి వెళ్ళాక మొదలవుతుంది. పుస్తకం పట్టుకుంటే తలనొప్పి, పాఠం బుర్రకెక్కదు. మాస్టారు బద్ధకమనుకుంటారు. చాలామంది కొద్ది వారాల్లో కోలుకుంటారు. ఆ వారాలపాటు హోంవర్కు తగ్గిస్తే మునిగిపోయేదేమీ లేదు.

తిరిగి ఆడాలా వద్దా అన్నది గెలుపు కోరే ఊరివారికీ, చందాలిచ్చిన పెద్దలకూ, ఆడాలని తహతహలాడే కుర్రవాడికీ వదిలేయరాదు. "నేడు ఇక ఆడవు" అని చెప్పే అధికారం వ్యాయామోపాధ్యాయునికి ఉండాలి. వాంతులు, మగత, ఎక్కువవుతున్న తలనొప్పి ఉంటే ఆలస్యం లేకుండా ఆసుపత్రికి చేర్చాలి. పోటీలకు ముందు పాఠశాలలకు పంపే సూచనల్లో ఈ రెండు వాక్యాలు చేర్చడానికి విద్యాశాఖకు ప్రత్యేక నిధులేవీ అక్కరలేదు.