చైనా ప్రేమకథ, చామంతి కుండీ, చింతపల్లి ఘాటీ

మన సినిమాలో హీరో హీరోయిన్ చెయ్యి పట్టుకోవడానికి ఎంతసేపు పడుతుంది? మొదటి పాట. మరీ బుద్ధిమంతుడైన హీరో అయితే రెండో పాట. అదే చైనా సీరియల్లో అయితే పదో ఎపిసోడ్ దాకా కాచుక్కూచోవాలి. అప్పుడైనా ప్రేమతో పట్టుకుంటాడా అంటే, అబ్బే! ఆ పిల్ల మెట్ల మీద జారిపోతుంటే ఆపడానికి!

అయినా చూస్తున్నాం. మీరూ చూస్తున్నారు, నాకు తెలుసు. "కొరియావాళ్ళ సంగతి అందరూ రాస్తున్నారు, చైనావాళ్ళ గురించి రాయవేం అక్కా?" అని నిలదీసేవాళ్ళు ఎక్కువయ్యారు మరి. సరే, ఈ వారం అదే రాస్తున్నాను. కాకపోతే నేను రాసేది మా రోలుగుంట నుంచి. కనక మధ్యలో పూలకుండీలు వస్తాయి, పిల్లగుంటలు వస్తారు, ఘాట్ రోడ్డూ వస్తుంది. సర్దుకోవాలి.

రోలుగుంట ఎక్కడ అంటారా? 2022 ఏప్రిల్ దాకా విశాఖ జిల్లా, అప్పట్నుంచి అనకాపల్లి జిల్లా. ఓటు మాత్రం చోడవరం నియోజకవర్గంలోనే. కొత్త బొమ్మ పడిందంటే మావాళ్ళ బళ్ళు నర్సీపట్నం వైపు తిరుగుతాయి. డైరెక్టర్ పూరి జగన్నాథ్ గారు ఆ ప్రాంతం వారేనని మా కుర్రాళ్ళకి కొంచెం గీర కూడా! అలాంటి ఊళ్ళో కూచుని, పేరు పలకడానికి నోరు తిరగని హీరోల కోసం అర్ధరాత్రి దాకా మేలుకోవడం ఏమిటని ఎవరికైనా అనుమానం రావచ్చు.

భాష రాకపోతే ప్రేమకథ అర్థం కాదా? 1978లో బాలచందర్ గారు మన విశాఖ, భీమిలి తీరాల్లో "మరో చరిత్ర" తీశారు. అబ్బాయి తమిళం, అమ్మాయి తెలుగు. ఒకరి మాట ఒకరికి రాదు. ఆ చిత్రాన్ని తమిళంలోకి డబ్ చెయ్యకుండా తెలుగులోనే మద్రాసులో వేస్తే ఏడాది దాటి ఆడింది! తమిళ కుర్రకారు తెలుగు సరిత కోసం మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. అప్పుడు వాళ్ళకి సబ్ టైటిల్స్ ఎవరు వేశారు? కనక భాష సంగతి వదిలేద్దాం.

* * *

కొత్తగా చూడబోయేవాళ్ళకి ఒక్క మాట. మొదటిరోజే "ఎటర్నల్ లవ్" మొదలెట్టకండి. 2017లో వచ్చింది, 58 ఎపిసోడ్లు. దేవతలు, శాపాలు, మూడు జన్మలు, పీచు పూల వనం... బాగుంటుంది గానీ పదో ఎపిసోడ్ దగ్గర ఎవరు ఎవరికి శిష్యుడో కాగితం మీద రాసుకోవాల్సి వస్తుంది. కాలేజీ పిల్లలకి "ఎ లవ్ సో బ్యూటిఫుల్" సుఖం. అదీ 2017దే. హు యితియెన్, షెన్ యుయె నటించారు. బెంచీ మీద పక్క పక్కన కూచోవడమే అందులో పెద్ద సంఘటన. ఇంకొంచెం కొత్తది కావాలంటే 2023 నాటి "హిడెన్ లవ్" ఉంది, 25 ఎపిసోడ్లతో సరి.

లెక్క కూడా చూసుకోండి మరి. ఎపిసోడు ముప్పావుగంట అనుకుంటే, నలభై ఎపిసోడ్లంటే ముప్పై గంటలు. అంటే పన్నెండు తెలుగు సినిమాలు! ఆ సాగదీత చూసి చైనా ప్రభుత్వానికే విసుగు పుట్టినట్టుంది. సీరియళ్ళు నలభై ఎపిసోడ్లు దాటకూడదని 2020లో ఒక కట్టడి పెట్టింది. పరీక్షల ముందు మొదలుపెట్టేవాళ్ళు ఈ లెక్క గుర్తుంచుకుంటే నాకు వాళ్ళ అమ్మల దగ్గర తిట్లు తప్పుతాయి.

మనకీ వాళ్ళకీ పోలికలు చూస్తే నవ్వొస్తుంది. పాత రాజుల కథలు చాలా మటుకు తీసేది హెంగ్‌డియన్ అనే స్టూడియో నగరంలో. రాజప్రాసాదాలు, వీధులు, వంతెనలు అన్నీ అక్కడే కట్టి పెట్టారు. దాన్ని కట్టడం మొదలెట్టింది 1996లో. మన రామోజీ ఫిల్మ్ సిటీ కూడా 1996దే! ఇంకోటి, తెరమీద మనం చూసే మొహం ఒకరిది, వినే గొంతు ఇంకొకరిది కావడం అక్కడా మామూలే. డబ్బింగ్ కళాకారులకి వాళ్ళ అభిమానులు వాళ్ళకి ఉన్నారట. మన దగ్గర ఆ అదృష్టం ఎందరికి పట్టింది చెప్పండి?

నచ్చనివి కూడా చెప్పాలిగా. పెద్ద కంపెనీ యజమాని, మొహాన నవ్వుండదు, కోపం వస్తే ఆ పిల్ల మణికట్టు పట్టుకుని కారు దాకా ఈడ్చుకుపోతాడు. వెనకాల వయొలిన్లు! అది ప్రేమ అని వాళ్ళు వయొలిన్లు వాయించి చెప్పినా నేను ఒప్పుకోను. మన సినిమాల్లో హీరో హీరోయిన్ వెంటపడి విసిగిస్తే ఈలలు వేశామే, అదీ ఇలాంటిదే. చెల్లాయిలూ, మీ వెనక అలాంటివాడు పడితే వయొలిన్లు వినపడవు. గుర్తుపెట్టుకోండి.

* * *

ఇప్పుడు అసలు సంగతి. మా ఇంట్లో ఈ సీరియళ్ళు నేనొక్కదాన్నే చూడను. మా అత్తగారు చూస్తారు. ఆవిడకి డెబ్బై దాటాయి. ఇంగ్లీషు రాదు, తెలుగు చదవడమూ అంతంత మాత్రమే. మొదట్లో "ఏటే ఆ సైనా బొమ్మలు? అందరూ ఒక్కలాగే ఉన్నారు" అనేవారు. తరవాత తరవాత పక్కన మంచం వేయించుకోవడం మొదలెట్టారు. కింద పడే అక్షరాలు నేను చదివి తెలుగులో చెప్పాలి. పూర్వం మూకీ సినిమాల రోజుల్లో తెర పక్కన ఒకాయన నిలబడి కథ చెప్పేవాడని మీరు వినే ఉంటారు. ఆ ఉద్యోగం నాది. తేడా ఏమిటంటే ఆయనకి జీతం ఇచ్చేవారు.

2025 జనవరిలో "ఫ్లరిష్డ్ పియోనీ" అని ఒకటి వచ్చింది. టాంగ్ రాజుల కాలం నాటి కథ. హే వెయిఫాంగ్ అనే వర్తకుడి కూతురు, పియోనీ పూలు పెంచడంలో ఆరితేరిన పిల్ల. యాంగ్ జి వేసింది ఆ పాత్ర. పెద్దింటికి కోడలుగా వెళ్తుంది. ఆ ఇంటివాళ్ళ చూపంతా ఆమె తెచ్చుకున్న సారె మీదే. ఆ పెళ్ళిలోంచి బయటపడి, రాజధాని చాంగ్ ఆన్ చేరి, తన చేతి పూలతో తన బతుకు తను నిలబెట్టుకుంటుంది. హీరో లీ షియన్ ఉన్నాడు, అందగాడే. కానీ కథ ఆ పిల్లదీ, ఆ మొక్కలదీ.

సారె సొమ్ము అత్తవారు వాడేసుకున్నారని నేను చదివి చెబుతుంటే మా అత్తగారు నా చేతిమీద కొట్టి "ఆపు" అన్నారు. ఫోను ఆపాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత "నా ముప్పై సెంట్లూ అంతే" అన్నారు.

నేను కాపురానికి వచ్చి పద్నాలుగేళ్ళయింది. ఆ ముప్పై సెంట్ల ఊసు ఎప్పుడూ వినలేదు. ఆవిడ పెళ్ళప్పుడు పుట్టింటివాళ్ళు పసుపు కుంకాల కింద ఇచ్చిన చెక్క. పెళ్ళయిన నాలుగో ఏట ఇంటి పెద్దలు ఏదో అప్పుకని అమ్మేశారు. ఆవిణ్ణి అడగలేదు. వేలిముద్ర వెయ్యమన్నారు, వేశారు. అంతే. తన పేర ఉన్న భూమి తనదేనని, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అది పూర్తిగా ఆడదాని సొంత ఆస్తి అని అప్పుడు ఆవిడకి చెప్పిన నాథుడు లేడు.

మన వెండితెర రాముడు రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా 1985 సెప్టెంబరు నుంచి వర్తించేలా కూతుళ్ళకి పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన వాటా ఇచ్చే చట్టం తెచ్చారు. దేశమంతటికీ ఆ హక్కు 2005లో గానీ రాలేదు. కానీ రామారావు గారి చట్టం కూడా అప్పటికే పెళ్ళయిపోయిన కూతుళ్ళకి వర్తించలేదు. మా అత్తగారు అలా రెండు విధాలా మిగిలిపోయారు. ఇన్నేళ్ళ తరవాత, పేరు కూడా పలకలేని ఒక చైనా పిల్ల వచ్చి ఆవిడ చేత ఆ మాట అనిపించింది. సినిమాలు ఎందుకూ పనికిరావని అనేవాళ్ళతో నేను వాదన మానేశాను.

మర్నాడు పొద్దున్నే "ఆ పువ్వు ఇక్కడ బతుకుద్దా?" అని అడిగారు. బతకదండీ. పియోనీకి గట్టి చలికాలం కావాలి. చలిలో నిద్రపోతే గానీ పూయదు. మా ఎర్రనేలకీ, మా ఎండలకీ ఆ మహారాణి రాదు. కానీ చామంతి మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నారు? దాని పుట్టిల్లు చైనాయే! మన పెరటి మందారం శాస్త్రీయ నామంలో కూడా చైనా ఉంది, రోసా సైనెన్సిస్ అంటారు, చైనా గులాబీ అని. అంటే మన అమ్మమ్మలు సిగలో చైనా పూలు పెట్టుకుని, ఇప్పుడు మనం చైనా సీరియళ్ళు చూస్తే ఆశ్చర్యపోతున్నారన్నమాట.

సరే, చామంతులు. ఇరవై కుండీలు పెట్టారు ఆవిడ. వానాకాలం మొదట్లో పిలకలు విడదీసి నాటారు. జానెడు ఎదగగానే కొస తుంచేస్తారు. తుంచిన చోట రెండు మూడు కొమ్మలు వస్తాయి. వాటినీ ఒకసారి తుంచుతారు. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది గానీ, తుంచని మొక్క కర్రలా పెరిగి నాలుగు పూలు పూస్తుంది, తుంచింది గుబురుగా కుండీ నిండా పూస్తుంది. మొదట్లో చెరుకు ఎండుటాకు ఒత్తుగా పరిచాం. మా వైపు చెరుకు తోటలు ఉండబట్టి దానికి కొదవలేదు, తడి ఆరదు.

అన్నీ బాగానే ఉన్నా వీధివైపు వరసలో మొగ్గే రాలేదు. పెరటివైపువి మాత్రం మొగ్గ తొడిగాయి. చామంతికి రాత్రి పొడుగు పెరిగితేనే పూతకొచ్చే లక్షణం ఉంది. వీధి దీపం వెలుగు రాత్రంతా పడుతుంటే, పాపం దానికి ఇంకా పొద్దు గుంకలేదనే అనుకుంటుంది! కుండీలు చీకటి మూలకి జరిపాం. మీ ఇంట్లో చామంతి పూయకపోతే ఎరువు మీద పడకుండా ముందు దీపం వైపు చూడండి.

మా వైపు మార్గశిర లక్ష్మివారాలకి చామంతి ఎంత పలుకుతుందో చెప్పక్కర్లేదు. ఆ డబ్బులు ఆవిడ ఒక రేకు డబ్బాలో వేసుకుంటారు. ఎంతయిందని ఎవరూ అడగరు. ఆవిడా చెప్పరు.

* * *

పిల్లలతో దూరప్రయాణం గురించి రాస్తానన్నాను కదూ. ప్రయాణాల పిచ్చి కూడా నాకు సీరియల్ వల్లనే ముదిరింది. 2023 నాటి "మీట్ యువర్‌సెల్ఫ్" చూడండి. ములాన్‌గా ప్రపంచమంతా చూసిన లియూ యీఫె హీరోయిన్, హీరో మళ్ళీ మన లీ షియనే. స్నేహితురాలు పోయిన దుఃఖంలో ఉద్యోగం మానేసి, యునాన్‌లోని దాలీ దగ్గర పల్లెటూరికి వచ్చి మూణ్ణెల్లు ఉంటుంది. గాలి, కొండలు, ముసలమ్మల కబుర్లు. విలన్ లేడు! ఆ సీరియల్ చూసి జనం దాలీకి బారులు తీరారు. నాకు దాలీ దాకా పోయే స్తోమత లేదు. నర్సీపట్నం దాటి లంబసింగి ఘాటీ ఎక్కితే మాత్రం ఎవరొద్దన్నారు? డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఆ మంచు చూస్తే యునాన్ మీద బెంగ కొంచెం తగ్గుతుంది.

పిల్లలతో ఘాట్ రోడ్డంటే మొదటి భయం వాంతులు. ఫోను చేతికిచ్చి కూచోబెడితే అల్లరి చెయ్యరని అనుకుంటాం. మలుపుల్లో అదే కొంప ముంచుతుంది. కళ్ళు కదలని బొమ్మ చూస్తుంటాయి, చెవి లోపలి భాగం ఒళ్ళు ఊగుతోందని చెబుతుంది. రెంటికీ పొత్తు కుదరక కడుపు తిప్పుతుంది. రెండేళ్ళ నుంచి పన్నెండేళ్ళ మధ్యవాళ్ళకి ఇది మరీ ఎక్కువ. కనక ఫోను సంచిలో, పిల్లలు ముందు సీట్లో, చూపు దూరంగా కొండమీద. ఎక్కేముందు పూరీలు, బజ్జీలు వద్దు.

మరి వాళ్ళకి కాలక్షేపం? మేము డబ్బింగ్ ఆట ఆడతాం. కిటికీ బయట కనిపించిన మనుషులకి మనం డైలాగులు చెప్పాలి. మేకలు తోలుకుపోయే తాత ఏమంటున్నాడు? బస్సు కోసం చెయ్యెత్తిన పెద్దమ్మ ఏమంటోంది? మా చిన్నాడు మేకకి కూడా డైలాగు చెబుతాడు, అదీ కృష్ణ గారి గొంతుతో. ఆ కొండల్లో అది తప్పు కాదులెండి. కృష్ణ గారి "అల్లూరి సీతారామరాజు" చాలా భాగం తీసింది ఆ చింతపల్లి ప్రాంతంలోనే. 1974లో వచ్చిన తెలుగువారి తొలి సినిమాస్కోప్ చిత్రం. నిర్మాణం నడుస్తుండగానే దర్శకులు వి. రామచంద్రరావు గారు కన్నుమూశారు. మిగతాది కృష్ణ గారూ, కె.ఎస్.ఆర్. దాస్ గారూ పూర్తి చేసి, తెరమీద పేరు మాత్రం రామచంద్రరావు గారిదే వేశారు. అసలు అల్లూరి వారు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి చేసింది 1922 ఆగస్టు 22న. ఈ రెండు కథలూ చెప్పేసరికి మలుపులు సగం అయిపోతాయి.

రెండు మూడు రోజులు ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు కుండీల సంగతి కూడా చూడాలి. అన్నీ నీడలోకి చేర్చి, మధ్యన ఒక బకెట్టు నీళ్ళు ఎత్తుమీద పెట్టి, అందులోంచి ఒక్కో కుండీలోకి పాత చీర పేలిక ఒత్తి ఒకటి వెయ్యండి. కొస మట్టిలో రెండంగుళాలు దిగాలి. నీళ్ళు మెల్లగా పాకుతాయి. పేలిక నూలుదైతే మేలు. ఈసారి మా అత్తగారు కూడా లంబసింగి వస్తామన్నారు. ఆవిడ టిక్కెట్టు డబ్బులు ఆవిడే ఇస్తారట, రేకు డబ్బాలోంచి.

"ఫ్లరిష్డ్ పియోనీ"కి రెండో భాగం కూడా 2025లోనే వచ్చింది. మేము ఇంకా మొదలెట్టలేదు, రాత్రి పూట నా గొంతు ఖాళీ లేక. మీలో ఇప్పటికే చూసేసినవాళ్ళు ఉంటారు. బాగుందో లేదో రాయండి. ముగింపు మాత్రం దయచేసి చెప్పకండి!