ఒళ్లు తగ్గాకే ఈతా?

వేసవి సెలవుల్లో ఈత నేర్పిద్దామని అమీర్‌పేట, పంజగుట్ట దుకాణాలకు పిల్లలను తీసుకెళ్తారు. అబ్బాయి ఈత దుస్తులు చకచకా ఎంచుకుంటాడు. పద్నాలుగేళ్ల అమ్మాయి మాత్రం ‘లావుగా ఉన్నాను, వద్దమ్మా’ అంటే ఏం చేస్తారు?

1946లో పారిస్‌లో బికినీ వచ్చింది. ఈత దుస్తులు కురచైనకొద్దీ వాటికి తగ్గ ఒళ్లు ఉండాలన్న ఒత్తిడీ పెరిగింది. మన తెరనే చూడండి. 2009లో ‘బిల్లా’లో బికినీలో కనిపించిన అనుష్క, 2015లో ‘సైజ్ జీరో’ కోసం బరువు పెరిగారు. సన్నబడాలన్న తొందరలో ప్రాణాల మీదకు తెచ్చుకోవద్దన్నదే ఆ కథ. ఇప్పుడు మోకాళ్లు, చేతులు కప్పే ఈత దుస్తులూ దొరుకుతున్నాయి.

సన్నదనమే ఆరోగ్యం కాదు. సన్నగా కనిపించే మనవాళ్లలోనూ పొట్ట దగ్గర కొవ్వు పేరుకుంటే మధుమేహం ముప్పు ఎక్కువ. పెద్దవాళ్లు నడుము చుట్టుకొలత చూసుకోవాలి. ఆడవారికి 80, మగవారికి 90 సెంటీమీటర్లు దాటకూడదు. ఎదిగే పిల్లలకు ఈ లెక్క వర్తించదు. వాళ్లకు కావాల్సింది కడుపునిండా మంచి తిండి, రోజూ గంటసేపు ఒళ్లు అలిసే ఆట.

అమ్మాయికి హాయిగా అనిపించే దుస్తులే కొనండి. బరువు తగ్గాక చూద్దామని మాత్రం ఈతను వాయిదా వేయకండి.