దయ్యపు చిత్రమును చూడవలెనా?

సంస్కారాభిమానులగు గృహస్థులు కొందఱు దయ్యముల చలనచిత్రము పేరు చెప్పిన మాత్రమున ముఖము చిట్లింతురు. వీరేశలింగము పంతులుగారి నాటినుండి పాటుపడి యింటినుండి వెడలగొట్టిన దయ్యమును మరల పిలిచి పీట వేయుదుమా యని వారి ప్రశ్న. ప్రశ్న సహేతుకమే, కాని దాని కుత్తరము వారనుకొనునది గాదు. 1922లో జర్మనీదేశమున మూర్నౌ తీసిన 'నోస్ఫెరాటు' అను మూకచిత్రము సంస్కరణమును గోరు ప్రతి కుటుంబమును చూడదగినదని నా వాదము. తిరుపతి, చిత్తూరు ప్రాంతములవారు మఱింత శ్రద్ధతో చూడవలెను. ఏలయన, ఆ కథ వారికి బొత్తిగా క్రొత్తది కాదు.

ఏటేట వేసవిలో తిరుపతియందు తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగును. దాని వెనుకనున్న కథ అచ్చటి పిల్లలకు సైతము తెలియును. ఆడువారిని చెఱపట్టు పాలెగాడొకడు. వానిని దండింప నవతరించిన గంగమ్మ. వాడు ప్రాణభీతిచే దాగికొనగా, ఆమె దినమున కొక వేషము ధరించి వెదకి, తుదకు దొరవేషమున పోవును. నిజముగా దొరయే వచ్చెనని నమ్మి వాడు వెలికివచ్చి హతుడగును. నేటికిని జాతర దినములలో బైరాగి, తోటి, దొర, మాతంగి వేషములతో భక్తులు వీథుల దిరుగుదురు.

ఇక జర్మను కథను వినుడు. కొండకోటలో నివసించు ఓర్లాక్ ప్రభువు నరరక్తము త్రాగువాడు. విస్బోర్గ్ పట్టణమున నొక యిల్లు కొని, ఓడనెక్కి వచ్చును. వానివెంట ఎలుకలును మహమ్మారియు దిగును. ఎల్లెన్ అను ఇల్లాలు కోడికూయువఱకు వానిని తనకడ నిలిపివేయగా, వాడు సూర్యకిరణము సోకి పొగయై పోవును. రెండుచోట్లను దయ్యమెవడు? కోటలోనుండి ప్రజలను పీల్చి బ్రదుకు దొర. పట్టపగలు పేరెత్తి నిందింపరాని వానిని ప్రజలు రాత్రివేళ కథలో నిందించుకొనిరి. ఇట్టి కథను మూఢత్వమని త్రోసివేయుట, ప్రజల ఫిర్యాదును చదువకయే చింపివేయుట వంటిది.

చిత్రము చూచినచో మూఢనమ్మకములు పెరుగునందురా? అందలి యొక ఘట్టమును చూచి చెప్పుడు. ఊరిలో శవపేటికలు వరుసగా సాగిపోవుచుండ, జనులు కారణమెఱుగక నాక్ అను పిచ్చివానిని తరుముదురు. పొలములోని దిష్టిబొమ్మను వాడే యనుకొని చీల్చివేయుదురు. నాక్ నిర్దోషి కాడు. కాని ఊరిని చంపుచున్నవాడు మాత్రము వాడు కాడు. అసలు హంతకుడు ఎల్లెన్ యింటి కెదురింటి కిటికీలో నిలిచియున్నాడు! చేతబడి చేసెనన్న యనుమానముతో దిక్కులేని ముసలివారిని కొట్టి చంపిన వార్తలు మన తెలుగుపల్లెలనుండి యెన్ని రాలేదు? 2020లో కరోనా వ్యాపించినపుడు శవములకు శ్మశానమున చోటీయక అడ్డుపడినది చదువురానివారు మాత్రమేనా? భయపడిన గుంపు ఎట్లు ప్రవర్తించునో నూఱుపన్యాసములకంటె నీ యొక్క ఘట్టము చక్కగ బోధించును.

రంగులులేని పాతబొమ్మ, మాటలైన లేవని మఱికొందఱి యాక్షేపణ. మాటలు లేకుండుటయే మనకు మేలు. నడుమ వచ్చు వాక్యములను ఇంటిలో నొకరు తెలుగున చదివి చెప్పిన చాలును. ఓర్లాక్ మెట్లెక్కునపుడు మనకు కనబడునది వాని దేహము కాదు, గోడమీద ప్రాకు వాని నీడ; గోళ్లు సాచిన చేతినీడ. తోలుబొమ్మలాటలో తెరమీది నీడకు గుండె ఝల్లుమనిన రాయలసీమవారికి ఈ కళను వేఱొకరు నేర్పవలెనా? నెత్తురు కుండలతో గ్రుమ్మరించు నేటి చిత్రములకంటె ఈ నీడ భయంకరము.

ఇందు దోషములు లేవని నే ననను. ఓర్లాక్ వంకరముక్కును, పరదేశమునుండి వచ్చి రోగము తెచ్చుటయు నానాటి యూదద్వేషపు బొమ్మలను తలపించునని విమర్శకులు పలికిరి, అది మఱువరాదు. అంతకంటె నాకు బాధ కలిగించునది ఎల్లెన్ మరణము. ఊరిని రక్షించుటకు ఇల్లాలు ప్రాణమీయవలెనట! పతికొఱకు, కులముకొఱకు, ఊరికొఱకు ఆడుది చచ్చిననే కథకు శోభయను ఈ పాతరోగము జర్మనీయందును గలదు. మన గంగమ్మ చావలేదు. చంపవలసినవానిని చంపి, ఊరికి తల్లియై నిలిచినది.

1897లో వెలువడిన స్టోకరుగారి 'డ్రాక్యులా' నవలను అనుమతిలేక గ్రహించినందున, ఆయన భార్య తెచ్చిన వ్యాజ్యమున 1925లో చిత్రప్రతులన్నియు నాశనము చేయవలెనని తీర్పు వచ్చెను. అయినను కొన్ని ప్రతులు మిగిలినవి. అట్లు దక్కినదానిని గంటన్నరసేపు చూచుటకు మనకు తీరిక లేదా? పసిపిల్లలను నిద్రపుచ్చి, ఎదిగిన బిడ్డలను దగ్గర కూర్చుండబెట్టుకొని చూడుడు. దయ్యములున్నవా లేవా యను చర్చ యటుండనిండు. మన యూరిలో ఎదురింటి కిటికీయందు నిలిచినవాడెవడు, మనము చీల్చుచున్న దిష్టిబొమ్మ యెవడు అని వారినే అడుగుడు.